అర్రేలు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో సాయంత్రం పూట డిగ్రీ, బీటెక్ పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతుంటాను. "అర్రేలు వచ్చు సార్, ట్రీలు మొదలుపెట్టండి" అని అడుగుతారు. ఇంటర్వ్యూ దగ్గర పడుతుంటే ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ అర్రే, అంటే ఒకే రకం విలువలను వరుసగా దాచుకునే అమరిక, దాని గురించి నాలుగు ప్రశ్నలు అడిగితే ఈ అపోహలే బయటపడతాయి.

అపోహ: ఇండెక్స్ (అర్రేలో విలువ ఉన్న చోటు నంబరు) సున్నా నుంచి మొదలవడం ఒక ఆనవాయితీ, బట్టీ పడితే చాలు.

వాస్తవం: దాని వెనుక లెక్క ఉంది. అర్రేలో విలువలు మెమరీలో పక్కపక్కనే, ఒకే సైజులో ఉంటాయి. నాలుగు బైట్ల ఇంట్ (పూర్ణాంకం) అర్రే 1000 అనే అడ్రస్ దగ్గర మొదలైతే, ఇండెక్స్ 5 దగ్గరున్న విలువ 1000 + 5 × 4, అంటే 1020లో దొరుకుతుంది. ఇండెక్స్ అంటే మొదటి నుంచి ఎన్నింటిని దాటాలి అని. మొదటిదానికి దాటాల్సింది ఏమీ లేదు కాబట్టి సున్నా. కాజీపేటలో రాత్రి బండెక్కి 41వ బెర్త్ వెతుక్కునేవాళ్లు ఒక్కో నంబరూ చూసుకుంటూ పోరు. 72 బెర్తుల స్లీపర్ బోగీలో ఒక్కో అరలో 8 బెర్తులు కదా, 41లోంచి 1 తీసి 8తో భాగిస్తే 5, శేషం సున్నా, అంటే ఐదు అరలు దాటాక ఆరో అరలో మొదటి కింది బెర్త్. ఆ 1 ఎందుకు తీశాం? బెర్తుల నంబర్లు ఒకటి నుంచి మొదలయ్యాయి కాబట్టి. సున్నా నుంచి ఉంటే ఆ తీసివేతే అక్కర్లేదు. మ్యాట్‌ల్యాబ్, ఫోర్ట్రాన్‌లలో మామూలుగా 1 నుంచే మొదలవుతుంది, అక్కడ ఈ సర్దుబాటు లోపల జరిగిపోతుంది.

అపోహ: సైజు దాటితే ప్రోగ్రామే ఎర్రర్ చూపిస్తుంది.

వాస్తవం: జావా, పైథాన్ చూపిస్తాయి. సీ అసలు చెక్ చేయదు. ఐదు విలువల అర్రేకి లూప్‌లో "కన్నా తక్కువ" బదులు "తక్కువ లేదా సమానం" రాస్తే, ఆరో విలువ పక్కనున్న వేరే వేరియబుల్ మీద పడొచ్చు, ఆ తప్పు ఎక్కడో యాభై లైన్ల కింద బయటపడొచ్చు, ఒక్కోసారి ఆ రోజు అసలు బయటపడకపోవచ్చు కూడా. ఇలాంటి ఒక్క గుర్తు కోసం నేను రెండు రోజులు వెతికాను, అందుకే పిల్లల లూపుల్లో ముందు ఆ షరతే చూస్తాను.

అపోహ: మధ్యలో చేర్చాలంటే లింక్డ్ లిస్టే (ప్రతి విలువా, అంటే నోడ్, తర్వాతిది ఎక్కడుందో గుర్తుపెట్టుకునే గొలుసు) ఎప్పుడూ మేలు.

వాస్తవం: అర్రేలో మధ్యలో చేర్చితే తర్వాతివన్నీ జరగాలి, నిజమే. కానీ లింక్డ్ లిస్టులో ఆ చోటికి చేరడానికే ఒక్కో నోడ్ దాటుతూ నడవాలి, అవి మెమరీలో చెల్లాచెదురుగా ఉండొచ్చు. మన కంప్యూటర్ల ప్రాసెసర్లు చాలావరకు మెమరీ నుంచి ఒకేసారి 64 బైట్లు తెచ్చుకుంటాయి, అంటే పక్కపక్కనున్న 16 ఇంట్‌లు ఒక్క దెబ్బకు వచ్చేస్తాయి. అందుకే చాలా సందర్భాల్లో అర్రేనే గెలుస్తుంది.

అపోహ: పైథాన్ లిస్ట్ అంటే లింక్డ్ లిస్టే.

వాస్తవం: కాదు. మనం మామూలుగా వాడే పైథాన్‌లో అది పెరిగే అర్రే, అందులో వస్తువుల రిఫరెన్సులు (అవి మెమరీలో ఎక్కడున్నాయో చెప్పే గుర్తులు) వరుసగా ఉంటాయి. చివర చేర్చడం చవక, మొదట్లో చేర్చితే మాత్రం అన్నీ జరుగుతాయి. ముందువైపు చేర్చడం, తీయడం ఎక్కువగా ఉండే పని అయితే రెండు చివరలా చవకగా చేర్చి, తీయగలిగే డెక్ (deque) వాడండి.