వెదురాకు, టెస్ట్ ట్యూబు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో ఫార్మసీ పిల్లలకు మూలికల ప్రాక్టికల్స్ చెబుతుంటాను. ఉదయగిరి వైపు నుంచి ముళ్ల వెదురు ఆకు తెచ్చి, "షుగర్‌కి పనిచేస్తుందేమో ల్యాబ్‌లో చూసి చెప్పండి సార్" అంటుంటారు. మేం చేసే రంగు పరీక్షలతో ఆ సంగతి తేలదు.

అపోహ: రంగు పరీక్షల రిపోర్టులో ప్లస్‌లు (+ గుర్తులు) ఎన్ని ఎక్కువుంటే మందు అంత గట్టిది.

వాస్తవం: ప్లస్ అంటే రంగు మారిందనో, మడ్డి దిగిందనో, అంతే. సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే పసుపు తేలి, యాసిడ్ చుక్కలతో ఆ రంగు పోతే ఫ్లేవనాయిడ్లు (మొక్కల్లో ఉండే ఒక రకం రసాయనాలు) ఉండొచ్చని అర్థం. ఎంత ఉన్నాయో, ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తాయో ఆ రంగు చెప్పదు. ఒకరు మూడు ప్లస్‌లు వేసిన ట్యూబుకే ఇంకొకరు రెండు వేస్తారు. ముందు పెట్రోలియం ఈథర్‌తో పత్రహరితం లాగేయకపోతే ఆ పచ్చదనంలో ఏ రంగు వచ్చిందో కనబడి చావదు. ఆల్కలాయిడ్లు అనే మొక్కల రసాయనాల కోసం చేసే మేయర్ పరీక్షలో ప్రోటీన్లు కూడా తెల్లగా విరిగి అవే అని భ్రమపెడతాయి. నీళ్లలో కలిపి కుదిపితే నురగ వస్తే సపోనిన్లు (నురగ కట్టే మొక్కల పదార్థాలు) అంటారు గానీ, సరిగా కడగని ట్యూబులో మిగిలిన సబ్బూ నురగే కడుతుంది. వెదురాకులో ఓరియెంటిన్, వైటెక్సిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు ఉన్నమాట నిజమే. వాటిని పేరుపెట్టి పట్టుకోవాలంటే కలిసున్న పదార్థాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ లాంటి యంత్రం కావాలి.

అపోహ: ఏ వెదురైనా ఒకటే.

వాస్తవం: బొంగు బోలుగా, కణుపుల దగ్గర ముళ్లుంటే బాంబూసా బాంబోస్. ముళ్లు లేకుండా, లోపల దాదాపు గట్టిగా ఉంటే డెండ్రోకలామస్ స్ట్రిక్టస్. పూత దశాబ్దాలకోసారి గానీ రాదు కాబట్టి రకం పోల్చుకోవడానికి బొంగును చుట్టి ఉండే పొరను కూడా తెమ్మంటాను. ఉత్త పొడి తెస్తే నేను చేయగలిగింది తక్కువ.

అపోహ: వెదురుప్పు (వెదురు బొంగు లోపల గడ్డకట్టే తెల్లటి పదార్థం, మందుల్లో వాడతారు) తెల్లగా మెరిస్తే అసలుదే.

వాస్తవం: అసలు వెదురుప్పు చాలామటుకు సిలికా. చిటికెడు నీళ్లలో కలిపి అయోడిన్ చుక్క వేయండి. నల్లటి నీలం తిరిగితే అందులో పాలగుండో, మరో పిండో ఉంది. తిరగకపోయినా సంబరపడొద్దు, ఫ్యాక్టరీలో చేసిన సిలికా కూడా ఈ పరీక్షలో దొరకదు.

అపోహ: వెదురు కొమ్ములు (నేలలోంచి పొడుచుకొచ్చే లేత మొలకలు) ప్రకృతిసిద్ధం, పచ్చివి తిన్నా ఏమీ కాదు.

వాస్తవం: లేత కొమ్ముల్లో టాక్సిఫిల్లిన్ అనే పదార్థం ఉంటుంది. కోసినా నలిపినా దాన్నుంచి హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు పుడుతుంది. ముక్కలు సీసాలో వేసి, పసుపు పచ్చటి పిక్రేట్ కాగితం వేలాడదీసి బిరడా బిగిస్తే ఆ వాయువు తగిలి కాగితం ఇటుక రంగుకు తిరుగుతుంది. కూర వండాలనుకుంటే సన్నగా తరిగి, మూత పెట్టకుండా బాగా ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి.