కోతి నవ్వడం లేదు

కొండ మీది గుళ్ళ దగ్గర ఎవరినైనా కోతి కరిస్తే, నేను వన్యప్రాణుల వైద్యంలో ఉన్నానని తెలిసినవాళ్ళు ముందు నాకే ఫోను చేస్తారు. నేను మనుషుల డాక్టర్ని కాను, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి అంటాను. అయినా ఫోను పెట్టేసేలోపు ఈ మాట వినబడాల్సిందే: "అప్పటిదాకా నవ్వుతూనే ఉందండీ, ఉన్నట్టుండి కరిచింది."

అది నవ్వనూ లేదు, ఉన్నట్టుండి కరవనూ లేదు.

అపోహ: పళ్ళు కనబడితే కోతి నవ్వుతున్నట్టే.

మన దగ్గర తిరిగే బోనెట్ మకాక్‌లు గానీ, రీసస్ కోతులు గానీ (రెండూ మకాక్ అనే కోతుల వర్గంలోవే) పెదవులు వెనక్కి లాగి, చప్పుడు చేయకుండా పళ్ళు చూపించాయంటే భయపడుతున్నాయి, లేదా ఎదుటివారిదే పైచేయి అని ఒప్పుకుంటున్నాయి. గుంపులో పెద్ద మగకోతి దగ్గరికి రాగానే కిందిస్థాయి కోతి పెట్టే ముఖం ఇదే. సాధారణంగా పెద్దది చూసి వదిలేస్తుంది, గొడవ కాటు దాకా పోదు. మనిషి మాత్రం ఆ ముఖం చూసి మురిసిపోయి ఇంకో అడుగు ముందుకు వేస్తాడు. లొంగిపోయినా వదలకపోతే, పారిపోయే దారి లేని కోతి ఇంకేం చేస్తుంది?

ఒకసారి గుడి మెట్ల దగ్గర ఒకాయన తన పాపను కోతి పక్కన నిలబెట్టి ఫోటో తీస్తున్నారు. అది పిల్లతల్లి. పొట్టకు పిల్ల కరుచుకుని ఉంది, వెనక గోడ. పళ్ళన్నీ బయటపెట్టి, చూపు పక్కకు తిప్పుకుని, ఒళ్ళు వెనక్కి వాల్చేసింది. నేను పాపను చేయి పట్టి ఇవతలికి తీసుకొచ్చాను. "నవ్వుతోంది కదండీ, మంచి ఫోటో పాడుచేశారు" అని ఆయన విసుక్కున్నారు. పళ్ళొక్కటే చూస్తే అలాగే ఉంటుంది మరి. చూపు ఎటుంది, ఒళ్ళు ముందుకుందా వెనక్కుందా అన్నది కూడా చూడాలి.

అన్ని మకాక్‌లూ ఒకటి కావు. ఇండోనేషియాలోని సులవేసీ దీవిలో ఉండే టాంకియన్ మకాక్‌లు స్నేహంగా ఉన్నప్పుడు కూడా ఇలా పళ్ళు చూపిస్తాయి. మన గుళ్ళ దగ్గరున్నవి అవి కావు.

అపోహ: నోరు సున్నాలా చుడితే ముద్దు పెడుతోంది.

అది బెదిరింపు. కనుబొమలు పైకెత్తి, కళ్ళార్పకుండా చూస్తూ, నోరు గుండ్రంగా తెరిచి, తల ముందుకు చాస్తుంది. చిత్రం ఏమిటంటే ఇందులో పళ్ళు పెద్దగా కనబడవు. మొరాకో కొండల్లోని బార్బరీ మకాక్‌ల ముఖాల మీద 2017లో ఒక అధ్యయనం వచ్చింది. కోతులతో అలవాటు లేనివారు కోపపు ముఖాలను మామూలు ముఖాలుగా, స్నేహపు ముఖాలుగా పొరబడ్డారని తేలింది. మనవాళ్ళే అమాయకులు అనుకోనక్కరలేదు.

మిగతావి. మగకోతి కోరలు కనబడేలా ఆవలిస్తే నిద్ర వస్తోందనుకోకండి, చాలాసార్లు అది చిరాకు. పెదవులు గబగబా చప్పరిస్తే ఆకలి అనుకుని అరటిపండు ఇస్తారు; నిజానికి అది పలకరింపు, సెకనుకు సుమారు 5 సార్లు ఆడిస్తాయి. కళ్ళలోకి చూస్తే లొంగుతుందన్న సలహా ఎవరు పుట్టించారో గానీ, కోతి లెక్కలో అది కయ్యానికి పిలుపు. మన నవ్వుకు దగ్గరగా ఉన్నది కుర్రకోతులు కుస్తీ పట్టేటప్పుడు వదులుగా తెరిచే నోరు. అది వాటిలో వాటికే, మనకోసం కాదు.

బాల్కనీలో కోతి పళ్ళు చూపించింది, మా పిల్లవాడి మీద పగబట్టిందేమో అని నిద్రపోని తల్లులున్నారు. అమ్మా, పగ లేదు, ఏమీ లేదు. మిమ్మల్ని చూసి అదే బెదిరింది. పిల్లవాణ్ణి లోపలికి తీసుకెళ్ళండి, అది వచ్చిన దారికి అడ్డం నిలబడకండి, చేతిలో తిండి ఉంచుకోకండి. దానంతట అదే పోతుంది.

కోతి కరిస్తే రేబిస్ రాదన్నది వాట్సాప్ పుకారు. వస్తుంది. కరిచినా, గీరినా ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు వెళ్ళాలి. పసుపు, సున్నం, కారం ఏవీ పూయవద్దు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షను) కూడా కావాలేమో డాక్టరును అడగండి. గాయం మానింది కదా అని టీకాలు మధ్యలో ఆపవద్దు.