బడ్జెట్‌కు ముందు ఆ శని, సోమవారాలు

కంపెనీల చందాలు పోగుచేసి పార్టీలకు పంచే ఎలక్టోరల్ ట్రస్టుల 2024-25 లెక్కలు బయటికొచ్చాక పార్టీ చందాల గొడవ మళ్లీ రాజుకుంది. ట్రస్టులు పార్టీలకు పంచింది 3,800 కోట్ల రూపాయల పైచిలుకు. అందులో 3,100 కోట్లు దాటి బీజేపీకే వెళ్లాయి. ఎలక్టోరల్ బాండ్లు (ఇచ్చినవారి పేరు బయటపడకుండా పార్టీలకు చందా ఇచ్చేందుకు స్టేట్ బ్యాంకులో కొనే పత్రాలు) పోయినా డబ్బు దారి మారలేదేమని ఒక పక్షం అడుగుతోంది. పేర్లతో సహా ఇచ్చిన సొమ్ములో తప్పేముందని రెండో పక్షం అంటోంది.

కంపెనీ చందాలను 1969లో నిషేధించడం, 1985లో మళ్లీ అనుమతించడం చాలామందికి తెలిసిందే. నేటి తగాదా మూలం అక్కడ లేదు, 2017 జనవరి ఆఖరి రోజుల్లో ఉంది.

ఆ నెల 28న, శనివారం నాడు, ఆర్థిక శాఖ నుంచి రిజర్వ్ బ్యాంకుకు ఒక మెయిల్ వెళ్లింది. బాండ్ల కోసం ఆర్‌బీఐ చట్టాన్ని మార్చబోతున్నాం, అభిప్రాయం చెప్పండి అని. సోమవారమే జవాబొచ్చింది. చేతులు మారే ఇలాంటి పత్రం కొన్నవాడొకడు, పార్టీకి ఇచ్చేవాడు మరొకడు కావొచ్చని, మనీలాండరింగ్‌కు దారి తీయొచ్చని బ్యాంకు హెచ్చరించింది. చెక్కు, డీడీ ఉండగా ఇదెందుకని కూడా అడిగింది. సలహా ఆలస్యంగా వచ్చింది, ఫైనాన్స్ బిల్లు అప్పటికే ప్రింటయిపోయిందని రెవెన్యూ కార్యదర్శి ఫైల్లో రాశారు. మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారం! ఆ ఫైలు 2019లో సమాచార హక్కు కింద బయటపడింది.

అసలు మెలిక బడ్జెట్ ప్రసంగంలో లేనే లేదు. కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతానికి మించి చందా ఇవ్వకూడదన్న పరిమితిని మార్చిలో సవరణ తెచ్చి ఎత్తేశారు. ఏ పార్టీకి ఇచ్చారో కంపెనీ ఖాతాల్లో చూపే పని కూడా లేకుండా చేశారు. పరిమితి ఉంచాలని రాజ్యసభ సవరణ చేస్తే లోక్‌సభ మర్నాడే తోసిపుచ్చింది. అది మనీ బిల్లు మరి, రాజ్యసభ మాట లోక్‌సభ వినక్కర్లేదు. బాండ్లతో వచ్చిన చందాలను పార్టీలు తనకు చూపనక్కర్లేదనడం తిరోగమన చర్య అని మే నెలలో ఎన్నికల సంఘం న్యాయశాఖకు రాసింది.

నల్లధనాన్ని అరికట్టడానికి, దాతలను కక్షసాధింపుల నుంచి కాపాడటానికే గోప్యత అని ప్రభుత్వం చెప్పింది. ఆ గోప్యత కూడా పూర్తిగా లేదు. బాండు మీద అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే నంబరు ఉందని 2018లో ఓ విలేకరి ల్యాబ్‌లో తేల్చారు. అది భద్రత కోసమే, కొన్నవారి వివరాల పక్కన స్టేట్ బ్యాంకు నమోదు చేయదని ఆర్థిక శాఖ వివరణ ఇచ్చింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు పథకాన్ని కొట్టేసింది, 7.5 శాతం పరిమితినీ తిరిగి తెచ్చింది. వివరాలివ్వడానికి జూన్ 30 దాకా గడువు కావాలన్న స్టేట్ బ్యాంకు, కోర్టు మందలించాక ఒక్క రోజులో ఇచ్చింది. మార్చి 21న ఆ నంబర్లూ వచ్చాయి, కొన్నవారి పేర్ల పక్కనే.

ఆ జాబితాలో కొనుగోలుదారుల్లో రెండో స్థానం హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగ్‌ది, 966 కోట్లు. పార్టీల్లో బీఆర్‌ఎస్‌ది నాలుగో స్థానం, 1,200 కోట్ల పైమాటే. కాబట్టి తెలుగు రాష్ట్రాల పార్టీలు ఈ విషయంలో గొంతు పెంచకపోవడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు మాట్లాడుతున్న ట్రస్టులు 2013 నాటి యూపీఏ ఏర్పాటు. ఎవరు ఎంత వేశారో, ఏ పార్టీకి ఎంత వెళ్లిందో అవి ఏటా ఎన్నికల సంఘానికి చెప్పాలి. కానీ పలు కంపెనీల సొమ్ము ఒకే ఖాతాలో కలిశాక, ఫలానా కంపెనీ రూపాయి ఏ పార్టీకి చేరిందో ఆ నివేదిక చూసి చెప్పలేం.