బిల్లులో ట్యాక్స్ లేకపోతే కట్టక్కర్లేదా? టెక్సస్ కాంట్రాక్టర్ల అపోహలు

టెక్సస్‌లో ఇళ్లు కట్టే, రీమోడలింగ్ చేసే మనవాళ్ల లెక్కలు చూస్తుంటాను. యూజ్ ట్యాక్స్ అంటే, సేల్స్ ట్యాక్స్ పడకుండా కొన్న సరుకును టెక్సస్‌లో వాడితే మనమే కట్టాల్సిన ట్యాక్స్. దాని మీద వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాటలు వింటే ఒళ్లు మండుతుంది. వాటిని నమ్మి నష్టపోయేది ఎండలో నిలబడి పని చేయించుకునే చిన్న కాంట్రాక్టర్లే.

అపోహ: అమ్మినవాడు ట్యాక్స్ వేయలేదంటే మనం కట్టాల్సింది ఏమీ లేదు.

వాస్తవం: ఉంది, మీరే కట్టాలి. రాష్ట్రానికి 6.25 శాతం, స్థానికం కలిపితే గరిష్ఠంగా 8.25. వేరే రాష్ట్రపు అమ్మకందారులతో కూడా ట్యాక్స్ వసూలు చేయించవచ్చని 2018లో వేఫెయిర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక పెద్ద ఆన్‌లైన్ కంపెనీలు వాళ్లే వసూలు చేస్తున్నాయి. దాంతో అందరూ వేసే ఉంటారన్న ధీమా వచ్చేసింది. పక్క రాష్ట్రంలోని చిన్న క్యాబినెట్ల షాపు వేయకపోవచ్చు, విదేశీ సప్లయర్ సంగతి చెప్పక్కర్లేదు.

కౌంటర్‌టాప్‌ల పని చేసే ఒకాయన ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ నేరుగా తెప్పించుకున్నారు. హ్యూస్టన్ పోర్టులో కట్టిన డ్యూటీ రశీదు నా బల్ల మీద పెట్టి, "అన్నీ కట్టేశాను కదండీ!" అన్నారు. ఆ డ్యూటీ ఫెడరల్ ప్రభుత్వానిది, టెక్సస్‌కు రావాల్సింది అందులో లేదు. 40,000 డాలర్ల సరుకు మీద 8.25 శాతమంటే 3,300 డాలర్లు. గడువు దాటి 30 రోజులు మించితే పెనాల్టీ 10 శాతం, ఆ పైన వడ్డీ. ఆయనవన్నీ లంప్‌సమ్ కాంట్రాక్టులు, మెటీరియల్‌కు, లేబర్‌కు కలిపి ఒకే ధర. అంటే చట్టం దృష్టిలో ఆ రాయిని వాడుకున్నది ఆయనే, ఇంటి యజమాని కాదు. పని అయిపోయి డబ్బులు చేతికొచ్చాక యజమానిని మళ్లీ ఏమని అడుగుతారు? మొత్తం ఆయన లాభంలోంచే పోయింది. ఆ మాట చెప్పేసరికి ఆయన ముఖం పాలిపోయింది, నాకూ బాధేసింది. కొటేషన్ ఇచ్చే రోజే ఈ ట్యాక్స్‌ను ఖర్చులో కలిపి ఉంటే సరిపోయేది.

అపోహ: ఇన్వాయిస్‌లో మెటీరియల్, లేబర్ విడగొడితే సెపరేటెడ్ కాంట్రాక్టు అయిపోతుంది.

వాస్తవం: అవ్వదు. సెపరేటెడ్ అంటే మెటీరియల్ ధర, లేబర్ ధర కాంట్రాక్టులోనే వేరువేరుగా ఉండేది; అందులో మెటీరియల్ మీద ట్యాక్స్ కస్టమర్ దగ్గర వసూలు చేస్తారు. రాసుకున్న కాంట్రాక్టులో ఒకే మొత్తం ఉంటే, బిల్లులు విడిగా ఇవ్వాలన్న షరతు అందులో లేకపోతే, తర్వాత ఎన్ని ముక్కలు చేసినా అది లంప్‌సమే. తిరిగి అమ్మడానికే కొంటున్నామని రీసేల్ సర్టిఫికెట్ ఇచ్చి ట్యాక్స్ లేకుండా కొన్న సరుకును ఆ పనిలో వాడారా, కొన్న ధర మీద ట్యాక్స్ మీ నెత్తినే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఇంటి రిపేరు, రీమోడలింగ్‌లో లేబర్‌కు ట్యాక్స్ లేదు. అదే రెస్టారెంటో షాపో అయితే లేబర్‌తో సహా మొత్తం బిల్లుకు ఉంది, కస్టమర్ దగ్గర వసూలు చేయాలి. గుడి కడుతున్నారా? ఆ సంస్థకు మినహాయింపు ఉంటే సర్టిఫికెట్ ముందే తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. వేరే రాష్ట్రంలో చట్టప్రకారం కట్టిన సేల్స్ ట్యాక్స్‌కు క్రెడిట్ వస్తుంది, రశీదు పారేయకండి.

"చిన్నవాళ్ల జోలికి ఎవరొస్తారు" అన్న సలహా మాత్రం దయచేసి నమ్మకండి. ఆడిట్‌కు వస్తే మామూలుగా నాలుగేళ్ల వెనక్కి చూస్తారు, అసలు రిటర్నే వేయకపోతే ఆ హద్దు కూడా ఉండదు. పాత బిల్లులు తలుచుకుని నిద్రపట్టనివాళ్లకు దారి లేకపోలేదు. టెక్సస్ ట్యాక్సులు వసూలు చేసే కంప్ట్రోలర్ ఆఫీసులో వాలంటరీ డిస్‌క్లోజర్ ఉంది, అంటే బాకీ సంగతి మనంతట మనమే వెళ్లి చెప్పుకోవడం; అర్హత ఉంటే పెనాల్టీ మాఫీ చేస్తారు. అయితే వాళ్ల నుంచి ఉత్తరం రాకముందే మనం వెళ్లాలి. వచ్చాక ఆ తలుపు మూసేసినట్టే.