జయంట్స్ ముసలోళ్లు, కొత్త బాసు, మా బామ్మర్ది: కొన్ని అపోహలు - వాస్తవాలు

నేనొక స్పోర్ట్స్ డేటా కంపెనీలో పని చేస్తాను. మేజర్ లీగ్, అంటే అమెరికా బేస్‌బాల్ పెద్ద లీగ్, ఆటగాళ్లు వచ్చే సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లు ఆడతారు, ఆట ఎంత తగ్గుతుంది అని అంచనాలు కట్టే టీమ్ మాది. ఉండేది ఫ్రీమాంట్‌లో, అంటే చుట్టూ శాన్ ఫ్రాన్సిస్కో జయంట్స్ అభిమానులే. మా బామ్మర్ది ఉండేది లాస్ ఏంజెలెస్ వైపు అర్వైన్‌లో. వాడికి అక్కడి డాడ్జర్స్ జట్టంటే పిచ్చి. ఏటా చలికాలం ట్రేడ్ల (జట్లు ఆటగాళ్లను మార్చుకోవడం) వార్తలు మొదలవగానే ఫోన్ చేస్తాడు: "బావా, మీ వాళ్ల పని అయిపోయింది. అంతా ముసలి బ్యాచే. పైనేమో కొత్త బాసు. ఈసారి ఆఖరి స్థానం ఖాయం."

బాసు అంటే ఎవర్ని కొనాలో, ఎవర్ని పంపాలో తేల్చే పెద్ద. వాడొక్కడే అయితే ఇంటి గొడవలే అనుకుని ఊరుకునేవాణ్ని. ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గరా ఇదే మాట, వీకెండ్ పాట్‌లక్కుల్లోనూ ఇదే మాట. మా వీధి జయంట్స్ వాళ్లేం తక్కువ తినలేదు, డాడ్జర్స్ గురించి అచ్చంగా ఇదే డైలాగ్ చెబుతారు. ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పే ఓపిక నాకిక లేదు.

అపోహ: జట్టు సగటు వయసు 30 దాటిందంటే ఆ జట్టు మునిగినట్టే.

వాస్తవం: ఎక్కువమందికి డబ్బూ నిద్రా పోగొట్టేది ఇదే. కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

జయంట్స్ 2021 సీజన్ గుర్తు చేసుకోండి. ఆ ఏడాది క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) బస్టర్ పోజీకి 34 ఏళ్లు. అప్పటికే తుంటికి ఆపరేషన్ అయింది, 2020 సీజన్ మొత్తం ఆడలేదు. షార్ట్‌స్టాప్, అంటే రెండో మూడో బేస్‌ల మధ్య ఎక్కువగా పరిగెత్తాల్సిన ఫీల్డర్, బ్రాండన్ క్రాఫర్డ్‌కీ 34. ఫస్ట్ బేస్‌లో బ్రాండన్ బెల్ట్‌కి 33, థర్డ్ బేస్‌లో ఎవాన్ లొంగోరియాకి 35. సీజన్ ముందు వచ్చిన అంచనాలు 75 గెలుపుల చుట్టూ తిరిగాయి. మా బామ్మర్ది అయితే జయంట్స్ 70 కూడా దాటరని ఆఫీసులో పందెం కట్టాడు.

జయంట్స్ 107 గెలిచారు. ఆ క్లబ్ చరిత్రలోనే అది రికార్డు. డాడ్జర్స్ 106 గెలిచి కూడా డివిజన్‌లో రెండో స్థానంలో నిలబడ్డారు. పోజీ బ్యాటింగ్ సగటు 0.304 (0.300 దాటితే చాలా గొప్ప). క్రాఫర్డ్ 0.298, 24 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి). బెల్ట్ 97 మ్యాచ్‌లే ఆడి 29 హోమ్ రన్లు బాదాడు.

దీన్ని అదృష్టం అని కొట్టేయకండి. వాళ్లను ఎలా వాడారో చూడండి. పోజీని 162లో 113 మ్యాచ్‌లే ఆడించారు. మోకాళ్ల మీద కూర్చుని లేచే పని అది, అతనికి విశ్రాంతి ఇవ్వడాన్నే ఒక ప్లాన్‌గా పెట్టుకున్నారు. బంతి విసిరే పిచర్ ఎడమచేతివాడైతే ఒక లైనప్, కుడిచేతి పిచర్ వస్తే ఇంకో లైనప్. మధ్యలో దిగిన పించ్ హిట్టర్లే ఆ ఏడాది 18 హోమ్ రన్లు కొట్టారు, మేజర్ లీగ్ రికార్డు. బంతి విసిరేవాళ్లలో 24 ఏళ్ల లోగన్ వెబ్ లాంటి కుర్రాడున్నాడు. సగటు వయసు అనే అంకెలో ఇవేవీ కనపడవు. ఏడాదంతా ఆడే షార్ట్‌స్టాప్, మ్యాచ్ మధ్యలో దిగి వారానికో ఇన్నింగ్స్ వేసే ముసలి పిచర్ (రిలీవర్ అంటారు), దాని లెక్కలో ఇద్దరూ ఒకటే.

మనవాళ్లకు ఇది మరీ కొత్త సంగతేం కాదు. 2018 ఐపీఎల్‌లో చెన్నైని డాడ్స్ ఆర్మీ అని ఎంత ఆడిపోసుకున్నారో! ఫైనల్లో 36 ఏళ్ల షేన్ వాట్సన్ 57 బంతుల్లో 117 కొట్టి కప్పు పట్టుకుపోయాడు. కొట్టింది ఎవరి మీదో వేరే చెప్పాలా? మన సన్‌రైజర్స్ మీదే. ఆ రాత్రి ఏడ్చినవాళ్లే ఇక్కడికొచ్చి "33 దాటితే ఫినిష్" అంటుంటే నాకు మండుతుంది.

"మరి 2022 సంగతేంటి బావా?" అంటాడు మావాడు. సబబైన ప్రశ్నే. మరుసటి ఏడాది జయంట్స్ 81 గెలిచి 81 ఓడారు. పోజీ 2021 నవంబర్‌లోనే రిటైర్ అయిపోయాడు. క్రాఫర్డ్ 0.231కి, 9 హోమ్ రన్లకి పడిపోయాడు. బెల్ట్ మోకాలు మొరాయించి 78 మ్యాచ్‌లతో సరిపెట్టుకున్నాడు. అంటే వయసు ప్రభావం నిజమే, నేను కాదనట్లేదు. అది ఎప్పుడు, ఎవరిమీద, ఎంత పడుతుందో సగటు చెప్పదంటున్నాను. 26 ఏళ్ల బ్యాటర్‌కి మేం అంచనా కట్టేటప్పుడు పై అంకెకీ కింది అంకెకీ దూరం తక్కువ పెడతాం. 34 ఏళ్లవాడికి ఆ దూరం బాగా పెంచుతాం. 2021, 2022 రెండూ ఆ దూరంలోనే ఉన్నాయి. మొదటిది పై కొస దగ్గర, రెండోది కింది కొస దగ్గర. రెండోదాన్ని మాత్రమే చూసి "నేను ముందే చెప్పా" అనడం జోస్యమే తప్ప లెక్క కాదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. "పిచర్ వెర్లాండర్ 42 ఏళ్లకి కూడా ఆడాడు, వయసు ఒక అంకె మాత్రమే" అనే బాపతు. అదీ తప్పే. 42 దాకా మిగిలినవాళ్లు మనకు కనపడుతున్నారు. 33కే ఇంటికెళ్లిపోయిన వందలమంది పట్టికలోంచే మాయమయ్యారు. మిగిలినవాళ్లను చూసి వయసుతో ఆట తగ్గే రేఖ గీస్తే ఆ తగ్గుదల ఎప్పుడూ ఉన్నదానికన్నా మెల్లగానే కనిపిస్తుంది. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ముందు నేర్పేది ఇదే.

మరి చూడాల్సిందేమిటి? ముందు కాళ్లు. అరిజోనా స్కాట్స్‌డేల్‌లో స్ప్రింగ్ ట్రైనింగ్‌కి (సీజన్ ముందు సన్నాహక మ్యాచ్‌లకి) వెళ్తే గమనించండి, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక వరసల్లో స్కౌట్లు (జట్ల కోసం ఆటగాళ్లను తూచేవాళ్లు) స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంటారు. ఒకసారి నా పక్క సీట్లో ఓ పెద్దాయన ఉన్నాడు, ఆయన బంతి ఎటుపోయిందో చూడనే లేదు. బ్యాట్ చప్పుడుకి బటన్ నొక్కాడు, షూ ఫస్ట్ బేస్ మీద పడగానే మళ్లీ నొక్కాడు. కుడిచేతి బ్యాటర్‌కి 4.3 సెకన్లయితే మామూలు. ఆ వెటరన్‌కి 4.6 పడింది. పెద్దాయన చిన్న నోట్‌బుక్‌లో అంకె రాసుకుని దాని కింద రెండు గీతలు గీశాడు. అదే మ్యాచ్‌లో అంతకుముందు ఆ బ్యాటర్ హోమ్ రన్ కొడితే స్టేడియం అంతా లేచి నిలబడింది, ఈయన మాత్రం పెన్ను క్యాప్ కూడా తీయలేదు.

పరుగు, ఫీల్డింగ్ ముందు పోతాయి. పవర్ ఇంకొన్నాళ్లు నిలుస్తుంది. బంతిని ఎంచుకునే కన్ను, వాక్ (నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఊరికే ఫస్ట్ బేస్‌కి వెళ్లడం) తీసుకునే ఓపిక అన్నిటికంటే ఆఖరున పోతాయి. కాబట్టి 34 ఏళ్ల షార్ట్‌స్టాప్ అంటే టెన్షన్ పడొచ్చు, 34 ఏళ్ల ఫస్ట్ బేస్‌మన్ గురించి అంత అక్కర్లేదు. 2022 నుంచి జయంట్స్ ఆడే నేషనల్ లీగ్‌లోనూ డీహెచ్ (పిచర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు) వచ్చింది కాబట్టి ఫీల్డింగ్ చేయలేని పెద్దోళ్లకు ఒక కుర్చీ దొరికింది. స్ప్రింట్ స్పీడ్, బ్యాట్ స్పీడ్ అంకెలు ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. రెండేళ్లు వరసగా పడిపోతుంటే అప్పుడు మాట్లాడండి. పుట్టిన తేదీ పట్టుకుని మాత్రం మాట్లాడకండి.

దీని ఖరీదు ఎంతో చెప్తాను. మా ఆఫీసులో ఒక తెలుగాయన, పదేళ్ల నుంచి సీజన్ టికెట్లు ఉన్నవాడు, 2020 అయ్యాక "ఈ ముసలి టీమ్‌కి ఇంకా ఎందుకండీ" అని వదిలేసుకున్నాడు. 2021 అక్టోబర్‌లో డాడ్జర్స్‌తో ప్లేఆఫ్ మ్యాచ్‌కి ఇద్దరు పిల్లల్నీ తీసుకెళ్లడానికి రీసేల్‌లో కొనుక్కోవాల్సొచ్చింది. ఆ ధర ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదట. ఆయన్ని చూసి నవ్వలేను. జాబు, ఇంటి లోను, పిల్లల ఫీజులు చూసుకుంటూ ఇష్టమైన జట్టు మీద డబ్బు పెట్టాలా వద్దా అని సతమతమయ్యే మనిషికి నాలుగు గాలి వార్తలు చాలు, చెయ్యి వెనక్కి పోవడానికి. తప్పు ఆ గాలి వార్తలు పుట్టించేవాళ్లది.

ఆ సిరీస్ ఐదో మ్యాచ్, అక్టోబర్ 14 రాత్రి, మా ఇంట్లో చూశాం. మా బామ్మర్ది ఆ వారం పని మీద ఇటు వచ్చి మా ఇంట్లోనే దిగాడు. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ 2-1 ముందున్నారు, ఆఖరి బంతికి జయంట్స్ బ్యాటర్ విల్మర్ ఫ్లోరెస్ బ్యాట్ మధ్యలో ఆపాడా లేదా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. అంపైర్ అవుటన్నాడు, సీజన్ అయిపోయింది. వాడు ఎగిరి గంతేశాడు. మా ఆవిడ తమ్ముడని కూడా చూడకుండా వాణ్ని బాల్కనీలోకి తోసి తలుపేసింది.

అపోహ: కొత్త బాసు వచ్చి మూడేళ్లయినా ముసలోళ్లను పంపలేదంటే చేతకానివాడే.

వాస్తవం: ఇది ఐపీఎల్ చూసిన కళ్లతో అనే మాట. అక్కడ వేలానికి ముందు వదిలేస్తే ఆ డబ్బు పర్సులోకి తిరిగొస్తుంది. మేజర్ లీగ్‌లో కాంట్రాక్ట్ అంటే గ్యారంటీ. ఆటగాణ్ని వదిలేసినా మిగిలిన జీతం అణా పైసలతో కట్టాల్సిందే. ఇంకో జట్టు అతన్ని తీసుకుంటే వాళ్లిచ్చే కనీస జీతం మటుకే మనకు తగ్గుతుంది. పదేళ్లు లీగ్‌లో ఉండి, అందులో ఆఖరి ఐదేళ్లు ఒకే జట్టుకి ఆడినవాణ్ని అతని ఒప్పుకోలు లేకుండా ట్రేడ్ చేయలేరు కూడా.

ఫర్హాన్ జైదీ 2018 నవంబర్‌లో డాడ్జర్స్ నుంచే జయంట్స్‌కి బాసుగా వచ్చాడు. వచ్చేసరికి పోజీ, క్రాఫర్డ్, బెల్ట్ ముగ్గురి కాంట్రాక్ట్‌లూ 2021 దాకా పాత బాసులు రాసిచ్చినవే. కాబట్టి అతను చేయగలిగింది అంచులు చక్కదిద్దడం. ఎవరూ పట్టించుకోని మైక్ యాస్ట్రెమ్‌స్కీ లాంటివాళ్లను ట్రేడ్‌లో తెచ్చుకున్నాడు. 107 గెలిచినప్పుడు జీనియస్ అన్నారు. 2022 నుంచి వరసగా మూడేళ్లు ప్లేఆఫ్స్‌కి వెళ్లకపోయేసరికి 2024 సెప్టెంబర్ 30న ఉద్యోగం పోయింది. 107లో సగం వారసత్వం, తర్వాతి చప్పదనంలో పెద్ద వాటా అతనిది. నా లెక్క అది. మీరు ఒప్పుకోకపోవచ్చు.

కొత్త బాసును తూచాలంటే అతను సంతకం పెట్టిన కాంట్రాక్ట్‌లను మాత్రమే తూచండి. మొదటి రెండేళ్లలో అవి చాలా తక్కువగా ఉంటాయి.

అపోహ: 30 దాటినవాడికి ఆరేడేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చేవాళ్లకు లెక్కలు రావు.

వాస్తవం: బాగా వచ్చు. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీస్ పూర్తయితే గానీ ఆటగాడు ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోగలవాడు) కాలేడు. అందుకే చాలామంది మార్కెట్లోకి వచ్చేసరికే 28, 30 అవుతుంది. మొదటి మూడు నాలుగేళ్ల ఆట కోసం ఆఖరి రెండేళ్ల భారం మోస్తారు. జయంట్స్ మాట్ చాప్‌మన్‌కి 15.1 కోట్ల డాలర్లతో ఆరేళ్లు ఇచ్చినా, 2033 దాకా కాంట్రాక్ట్ ఉన్న రఫాయెల్ డెవర్స్‌ని 2025లో ట్రేడ్‌లో తెచ్చుకున్నా ఆ ఎరుకతోనే. 2031లో ఏమవుతుందోనని ఇప్పటినుంచే నిద్ర పాడుచేసుకోకండి.

అపోహ: వెర్లాండర్ 2025లో జయంట్స్ తరఫున 4 గెలిచి 11 ఓడాడు, అంటే అయిపోయాడు.

వాస్తవం: అదే ఏడాది అతని ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌లకి పిచర్ ఇచ్చే సగటు పరుగులు, తక్కువైతే మంచిది) 3.85. అతను బంతి వేస్తున్నప్పుడు తనవాళ్లు పరుగులు కొట్టకపోతే గెలుపు ఎక్కణ్నుంచి వస్తుంది? పిచర్ గెలుపోటములు చూసి వాదించేవాళ్లతో నేను వాదించడం మానేశాను.

అపోహ: జైదీ కుర్చీలోకి పోజీ బాసుగా వచ్చాడు కాబట్టి డేటా వాళ్లందరినీ ఇంటికి పంపేశారు.

వాస్తవం: ముప్పై జట్లలోనూ మా లాంటివాళ్లున్నారు, జయంట్స్‌లోనూ ఉన్నారు. మాజీ ఆటగాడు కుర్చీలో కూర్చుంటే చివరి మాట ఎవరిదన్నది మారుతుంది, అంతే.

అపోహ: కాలేజీ కోచ్‌ని మేనేజర్‌గా (మైదానంలో జట్టును నడిపే కోచ్‌గా) తెచ్చారు, వెటరన్లు అతని మాట వినరు.

వాస్తవం: టోనీ విటెల్లోని టెనెస్సీ యూనివర్సిటీ నుంచి 2025 అక్టోబర్‌లో తీసుకున్నారు. ప్రొఫెషనల్ జట్టులో కోచ్‌గా కూడా పని చేయకుండా నేరుగా కాలేజీ నుంచి మేజర్ లీగ్ మేనేజర్ అయినవాడు అంతకుముందు లేడు. ముందు ఉదాహరణే లేనప్పుడు "వినరు" అని అంత గట్టిగా ఎలా చెప్తున్నారో నాకు తెలియదు. నన్నడిగితే డెవర్స్ ఎలా ఉంటాడన్నదానికంటే, ఇన్నింగ్స్ మధ్యలో రిలీవర్లను మార్చే వేగం అతనికి ఎంత త్వరగా పట్టుబడుతుందో చూడాలి. కాలేజీలో వారానికి నాలుగైదు మ్యాచ్‌లు, ఇక్కడ దాదాపు రోజుకొకటి. నిన్న వాడిన పిచర్ చెయ్యి ఇవాళ దొరకదు.

ఇక డాడ్జర్స్ ముసలోళ్లని నవ్వే మా వీధివాళ్లకి ఒక్క మాట. 2025 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్, ఒక అవుట్, టొరంటో ఒక్క పరుగు ముందుంది. స్కోరు సమం చేసిన హోమ్ రన్ కొట్టిన డాడ్జర్స్ మిగెల్ రోహాస్‌కి అప్పటికి 36 ఏళ్లు. ఈ వాక్యం బామ్మర్దికి స్క్రీన్‌షాట్ పంపొద్దు, వాడికి ఇప్పటికే పొగరెక్కువ.