ఇంటి ముందు రోడ్డు ఎవరిది? పర్మిట్ పార్కింగ్ వెనక కథ

కారు ముందు అద్దానికి ఓ మూల అంటించిన చిన్న స్టిక్కర్. దాని మీద ఒక అక్షరం, ఒక నంబరు, గడువు తేదీ. ఆ అక్షరమే వీధి స్తంభానికి బిగించిన బోర్డు మీదా ఉంటుంది. రెండు అక్షరాలూ కలిస్తే బండి అక్కడ ఉండిపోవచ్చు. కలవకపోతే రెండు గంటల్లో తీసేయాలి, కొన్నిచోట్ల అసలు ఆపనే కూడదు. మాట వినకపోతే చలానా. ఇళ్లుండే వీధుల్లో పర్మిట్ పార్కింగ్, అంటే అక్కడ ఉండేవాళ్లకు స్టిక్కర్ ఇచ్చి బయటి బండ్లను ఆపే పద్ధతి, ఎక్కువ నగరాల్లో ఇలాగే మొదలైంది, ఇలాగే నడిచింది.

చూడ్డానికి చిన్న సంగతే. అయితే ఏ నగరంలోనైనా సరే, ఈ విషయం మీద కాలనీ వాళ్లతో మీటింగ్ పెట్టి చూడండి, పది నిమిషాల్లో గొంతులు లేస్తాయి. ‘మా ఇంటి ముందు మేమే బండి పెట్టుకోలేకపోతే ఎలా?’ అని ఒకరు అంటారు. ‘రోడ్డు మీ తాత వేయించాడా?’ అని ఇంకొకరు అందుకుంటారు. చట్టం చాలా కాలం ఆ రెండో మనిషి పక్షమే.

1812లో లండన్‌లో ఒక కేసు నడిచింది. చేరింగ్ క్రాస్ దగ్గర ప్రయాణికుల కోసం గుర్రపు కోచ్‌లను రోడ్డు మీదే చాలాసేపు నిలబెడుతున్నారని ఫిర్యాదు. న్యాయమూర్తి లార్డ్ ఎల్లెన్‌బరో, రాజమార్గాన్ని గుర్రాల దొడ్డిగా చేసుకునే హక్కు ఎవరికీ లేదని తేల్చేశారు. రోడ్డు ఉన్నది వెళ్లడానికి. కాసేపు ఆగి మనిషిని ఎక్కించుకోవడం వెళ్లడంలో భాగమే, కానీ బండిని అక్కడే ఉంచుకోవడం అందులోకి రాదు. అప్పటి లెక్క అది.

ఇంతకన్నా పాత కథ ఒకటి తరచూ చెబుతుంటారు. అస్సిరియా రాజు సెనాకెరిబ్ నినెవే నగరంలో ‘నో పార్కింగ్’ బోర్డులు పెట్టించాడని, మీరినవాడికి మరణశిక్షేనని. శాసనం ఉన్నమాట నిజమే. కాకపోతే అది రాచబాట మీదికి ఇల్లు జరిపి కట్టేవాడికి వేసిన శిక్ష. బండ్ల ఊసు అందులో లేదు. చెప్పుకోవడానికి కథ భలేగా ఉంటుంది కాబట్టి ఇంకా తిరుగుతూనే ఉంది.

తొలినాళ్ల కార్లు చాలావాటికి గట్టి పైకప్పు ఉండేది కాదు. వానలో వదిలేసే వస్తువు కాదు కాబట్టి, పాత గుర్రపుశాలల్లోనో షెడ్లలోనో పెట్టుకునేవారు. నాలుగు పక్కలా మూసి ఉన్న కార్లు మామూలైపోయాక రాత్రంతా వీధిలో వదిలేయడమూ మామూలైపోయింది. దీనికెవరూ చట్టం చేసి అనుమతి ఇవ్వలేదు. ఒకరు పెట్టారు, ఎవరూ ఏమీ అనలేదు, ఇంకొకరు పెట్టారు. పార్కింగ్ చరిత్రలో ముఖ్యమైన మలుపులు చాలా వరకు ఇలా, ఎవరూ నిర్ణయం తీసుకోకుండానే వచ్చాయి.

నగరాలు మొదట పట్టించుకున్నది ఇళ్లను కాదు, దుకాణాలను. ఓక్లహోమా సిటీలో దుకాణాల ముందు ఖాళీలన్నీ అక్కడి ఉద్యోగులే పొద్దున్నే వచ్చి ఆక్రమించేవారు, కొనడానికొచ్చినవాళ్లకు చోటుండేది కాదు. పత్రికా సంపాదకుడు కార్ల్ మాగీ ముందుకు తెచ్చిన ఉపాయంతో 1935 జులై 16న అక్కడ ప్రపంచంలోనే మొదటి పార్కింగ్ మీటర్, అంటే నాణెం వేస్తే కాసేపు బండి పెట్టుకోనిచ్చే యంత్రం, పనిచేయడం మొదలుపెట్టింది. గంటకు 5 సెంట్లు. లండన్‌లో మీటర్లు 1958లో గ్రోవ్‌నర్ స్క్వేర్ దగ్గర వచ్చాయి, రెండేళ్లకు చలానాలు రాసే ట్రాఫిక్ వార్డెన్లు వచ్చారు.

మీటర్ తన పని తాను చేసింది. దుకాణం ముందు చోటు ఖాళీ అయింది. మరి అక్కణ్నుంచి లేచిన కారు ఎక్కడికి పోయింది? మీటర్ లేని పక్క వీధికి. ఆ వీధిలో ఇళ్లున్నాయి. నీళ్లకు ఒక వైపు గట్టు వేస్తే ఇంకో వైపు పారినట్టు, నగరం నడిబొడ్డున పెట్టిన ప్రతి కట్టడీ చుట్టుపక్కల ఇళ్ల మీద పడింది. స్టేషన్, ఆస్పత్రి, కాలేజీ, ఆఫీసుల సముదాయం, వీటిలో ఏది దగ్గరున్నా పొద్దున ఎనిమిదింటికల్లా వీధి నిండిపోవడం, సాయంత్రం దాకా కదలకపోవడం మామూలైంది.

అమెరికాలో వాషింగ్టన్ నగరానికి నది అవతల ఆర్లింగ్టన్ కౌంటీలో జరిగింది సరిగ్గా ఇదే. క్రిస్టల్ సిటీ అనే పెద్ద ఆఫీసుల సముదాయం లేచింది. దాని పక్కనే అరోరా హైలాండ్స్ అనే పేట. ఆఫీసులో పార్కింగ్‌కు డబ్బు కట్టడం కన్నా కార్లు పేటలో పెట్టి కాస్త నడవడమే నయమనుకున్నారు ఉద్యోగులు. 1970ల మొదట్లో కౌంటీ ఒక నిబంధన తెచ్చింది. పనిదినాల్లో ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా ఆ వీధుల్లో పర్మిట్ ఉన్న బండ్లే ఉండాలి. పేటవాళ్లకు అప్పట్లో పర్మిట్లు ఉచితం. వాళ్ల ఇళ్లకు పని మీద వచ్చేవాళ్లకు, కొందరు అతిథులకు కూడా ఇచ్చేవారు. ఏ పేట దీనికి అర్హమో తేల్చడానికి లెక్క పెట్టుకున్నారు. ఉన్న చోటులో 75 శాతం మించి నిండాలి, అందులో బయటి బండ్లు 25 శాతానికి మించాలి. మనుషుల్ని పంపి కార్లు లెక్కపెట్టించే ఆ పద్ధతి, శాతాలు కాస్త అటూ ఇటూగా, ఇప్పటికీ చాలా నగరాల్లో నడుస్తోంది.

రోజూ అక్కడే కారు పెట్టుకునే ఉద్యోగులు కోర్టుకెక్కారు. అందరి పన్నులతో వేసిన రోడ్డు మీద కొందరికే హక్కు ఏమిటన్నది వాళ్ల వాదన. వర్జీనియా సుప్రీంకోర్టు వాళ్ల వైపే మొగ్గి, నిబంధన సమానత్వానికి విరుద్ధమంది. కేసు పైకి వెళ్లింది. 1977 అక్టోబర్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగేసింది. కొన్ని పేజీలే, న్యాయమూర్తి సంతకం కూడా లేని తీర్పు. పొగ, చప్పుడు, చెత్త, వీధిలో పిల్లల భద్రత లాంటి కారణాలతో పేటవాళ్లనూ బయటివాళ్లనూ వేరుగా చూడటం రాజ్యాంగానికి విరుద్ధం కాదన్నది సారాంశం. శాన్ ఫ్రాన్సిస్కో అప్పటికి ఏడాది ముందే తన పర్మిట్ పథకం మొదలుపెట్టింది. తీర్పు తర్వాత మిగతా నగరాలకూ టెన్షన్ తీరింది.

ఈ తీర్పులో రోడ్డు పేటవాళ్లదని ఎక్కడా లేదు. నగరం కావాలనుకుంటే బయటివాళ్లను ఆపొచ్చని మాత్రమే ఉంది. జనానికి మాత్రం ‘ఈ వీధి మాది’ అన్నట్టే వినిపించింది. ఆ తర్వాత వచ్చిన తగువుల్లో సగానికి పైగా ఈ తేడా దగ్గరే పుట్టాయని నా అభిప్రాయం.

పథకం నడిచే తీరు ఊరూరికీ కాస్త మారినా అస్థిపంజరం ఒకటే. వీధిలో ఇంతమంది సంతకాలు కావాలి, లేదా నగరపాలక సంస్థే ఇంటింటి అభిప్రాయం అడుగుతుంది. సర్వే చేస్తారు, బోర్డులు పాతుతారు. ఆ చిరునామాలోనే ఉంటున్నట్టు రుజువు, ఆ చిరునామా మీదే బండి రిజిస్ట్రేషన్ చూపిస్తే పర్మిట్ చేతికొస్తుంది. అమెరికాలో పాత చలానాలు కట్టేసి రమ్మనే నగరాలూ ఉన్నాయి. ఇంటికి ఇన్నే అని కొన్నిచోట్ల పరిమితి, రెండో కారుకు ఎక్కువ రుసుము. అతిథులకు విడిగా పాసులు.

కాగితం మీద ఇంత శుభ్రంగా ఉన్నది వీధిలోకి వచ్చేసరికి చిక్కుపడుతుంది. మంచాన పడ్డ పెద్దావిడను చూసుకోవడానికి రోజూ వచ్చే నర్సు అతిథా, ఉద్యోగా? కుళాయి బాగుచేయడానికి వచ్చి నాలుగు గంటలు పనిచేసే మనిషి సంగతేంటి? కంపెనీ కారు వాడుతూ దాని కాగితాలు వేరే ఊరి చిరునామాతో ఉన్నవాడు? ఇలాంటివాళ్ల కోసం ఒక్కో మినహాయింపూ చేరి, ఒక పేజీ నిబంధన ముప్పై పేజీలవుతుంది. మినహాయింపు ఇచ్చినచోటల్లా దుర్వినియోగం. అతిథుల పాసులు అమ్ముకోవడం చాలా నగరాలకు పాత తలనొప్పే.

జోన్, అంటే ఒకే అక్షరం చెల్లే వీధులన్నీ కలిపి, ఎంత పెద్దదన్నదీ తేలని పేచీ. చిన్నదైతే సరిహద్దుకు అవతలి వీధి మీద భారం పడుతుంది, ఏడాది తిరక్కుండా వాళ్లూ సంతకాలు పట్టుకొస్తారు. పర్మిట్ జోన్లు ఇలా ఒక్కో వీధే పాకుతాయి. పెద్దదైతే ఇంకో తమాషా. జోన్‌లో ఒక చివర ఉన్నవాడు తన స్టిక్కర్‌తోనే ఇంకో చివరనున్న స్టేషన్ దాకా కారులో వెళ్లి, అక్కడ పెట్టి రైలెక్కుతాడు. బయటివాణ్ని ఆపడానికి పెట్టిన ఏర్పాటులో లోపలివాడే బయటివాడి పని చేస్తాడు.

అన్నిటికన్నా పెద్ద నిరాశ పర్మిట్ కొన్న మొదటి వారంలోనే ఎదురవుతుంది. డబ్బు కట్టారు, స్టిక్కర్ అంటించారు, రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చారు. వీధి నిండా కార్లు, అన్నిటికీ అదే అక్షరం! మూడు రౌండ్లు కొట్టి ఎక్కడో రెండు వీధుల అవతల పెట్టి నడుచుకుంటూ రావాలి. ఉన్న చోటు కన్నా ఎక్కువ పర్మిట్లు ఇచ్చే నగరాలు తక్కువేమీ కాదు. అందుకే అమెరికాలో దీన్ని వేటకు వెళ్లే లైసెన్సు అంటారు. అడవిలోకి పోనిస్తారు గానీ జింక దొరుకుతుందని హామీ ఏమీ ఉండదు.

బయటి బండికి రెండు గంటల గడువు ఇస్తే ఆ రెండు గంటలు ఎవరు లెక్కపెట్టాలి? దశాబ్దాల పాటు దీనికి జవాబు సుద్దముక్క. ఉద్యోగి టైరు మీద గీత గీసి వెళ్తాడు, తిరిగొచ్చేసరికి గీత కదలకుండా ఉంటే చలానా రాస్తాడు. ఇంత అమాయకమైన పనికి కూడా కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది. మిషిగన్ రాష్ట్రంలోని సాగినా పట్టణం కేసులో 2019లో అప్పీల్ కోర్టు, టైరు మీద గీత గీయడం రాజ్యాంగం దృష్టిలో సోదా కిందికే వస్తుందని తేల్చింది. 2022లో శాన్ డియేగో కేసులో ఇంకో అప్పీల్ కోర్టు, అది రాజ్యాంగానికి విరుద్ధమేమీ కాదు, గీసుకోవచ్చని చెప్పింది. అంటే ఒకే దేశంలో సుద్దగీత ఒకచోట నేరుగా రాజ్యాంగ సమస్య, ఇంకోచోట మామూలు డ్యూటీ.

ఇక అసలు తగువు డబ్బు దగ్గర. ఉచితంగానో నామమాత్రపు ధరకో మొదలైన పర్మిట్ ధర పెంచబోతే గొడవే. లండన్‌లో బార్నెట్ అనే ప్రాంతపు కౌన్సిల్ (స్థానిక పాలక మండలి) మొదటి కారు పర్మిట్‌ను 40 పౌండ్ల నుంచి 100కు, అతిథి వోచర్‌ను 1 పౌండ్ నుంచి 4కు పెంచింది. 2013లో హైకోర్టు ఆ పెంపు చెల్లదంది. పార్కింగ్‌ను అదుపు చేయడానికి రుసుము పెట్టొచ్చు గానీ, మిగులు డబ్బు కోసమే పెంచే అధికారం అక్కడి ట్రాఫిక్ చట్టం ఇవ్వలేదన్నది కారణం. జర్మనీలో మరో రకం. అక్కడ నివాసుల పర్మిట్‌కు 2020 దాకా దేశమంతటా ఏడాదికి 30.70 యూరోలే గరిష్ఠం. ఆ పరిమితి ఎత్తేశాక ఫ్రైబర్గ్ నగరం కారు పొడవును బట్టి 240, 360, 480 యూరోలు పెట్టింది. 2023లో దేశ ఉన్నత పాలనా న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. చిత్రమేంటంటే 360 యూరోల మీద కోర్టుకు పేచీ లేదు. నిబంధన తెచ్చిన రూపం తప్పంది, అర మీటరు పొడవు తేడాకే రుసుము రెట్టింపు చేయడం సబబు కాదంది.

2024 ఫిబ్రవరిలో పారిస్ ప్రజాభిప్రాయం అడిగింది. బరువైన ఎస్‌యూవీలకు పార్కింగ్ ధర మూడింతలు చేయాలా? 54 శాతానికి పైగా సరేనన్నారు. నగరం నడిబొడ్డున గంటకు 18 యూరోలు. ఓటేయడానికి వచ్చింది ఆరు శాతం కన్నా తక్కువ మందే. పైగా ఆ రేటు సొంత పేటలో కారు పెట్టుకునే పారిస్ నివాసులకు వర్తించదు. ఓటు వేసేవాడు పారిస్ మనిషి, ఎక్కువ కట్టేవాడు బయటి మనిషి. ఆర్లింగ్టన్‌లో 1970లలో గీసిన గీతే, వేరే భాషలో.

ధర పెంచడం ఇష్టంలేని నగరాలకు మిగిలేది సంఖ్య తగ్గించడం. ఆమ్‌స్టర్‌డామ్‌లో పర్మిట్ కోసం వెయిటింగ్ లిస్టు ఉంటుంది. 2025 నాటికి 11,200 దాకా పార్కింగ్ చోట్లు తీసేస్తామని, అందుకు ఏటా సుమారు 1,500 పర్మిట్లు తగ్గిస్తామని 2019లో ప్రకటించారు. ఉన్నవాళ్ల దగ్గర లాక్కోరు. ఇల్లు మారినవాడి పర్మిట్ ఇంకొకరికి ఇవ్వరు, అంతే. లండన్‌లో కొన్ని కౌన్సిళ్లు కొత్త అపార్ట్‌మెంట్లకు, వీటిలో ఉండేవాళ్లు పర్మిట్ అడగకూడదు అన్న షరతుతో అనుమతిస్తున్నాయి. పాత ఇంటివాళ్లకు హక్కు, కొత్తవాళ్లకు లేదు. రాజకీయంగా తేలిక దారి, ఎందుకంటే కొత్తవాళ్లు ఇంకా ఓటర్లు కాలేదు.

చాలాకాలం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి 2025లో కన్నుమూసిన డొనాల్డ్ షౌప్ దీనికో మందు చెప్పేవారు. వీధిలో చోటుకు సరైన ధర పెట్టండి, వచ్చిన డబ్బు ఆ వీధికే ఖర్చు పెట్టండి, అప్పుడు పేటవాళ్లే ధర పెంచమని అడుగుతారు. ఆలోచన బాగానే ఉంది గానీ, అద్దె ఇంట్లో ఉంటూ డ్యూటీ వేళల వల్ల కారు తప్పనివాడికి ఆ ‘సరైన ధర’ ఎంత బరువో దాన్ని మెచ్చుకునేవాళ్లు పెద్దగా లెక్కలోకి తీసుకోరు.

జపాన్ మాత్రం ఈ తగువులోకే రాలేదు. 1962 చట్టంతోనే ‘కారు ఎక్కడ పెడతావో ముందు చూపించు’ అంది. ఇంటికి 2 కిలోమీటర్ల లోపల సొంతంగానో అద్దెకో చోటుందని, దాని పటం గీసి పోలీస్ స్టేషన్‌లో ఇస్తే ధ్రువపత్రం ఇస్తారు. అది లేనిదే సాధారణంగా కారు రిజిస్టర్ కాదు. రాత్రిపూట వీధిలో కారు వదలడానికి వీల్లేదు. 1812 నాటి మాటను అక్షరాలా పాటిస్తున్నది అదొక్కటేనేమో. అయితే కార్లు ఇంటింటికీ రాకముందే చేసిన చట్టం అది. వీధులు నిండిపోయాక అదే మాట చెప్పాలంటే, ఇప్పటికే వీధిలో ఉన్న కార్లను ఏం చేయాలో కూడా చెప్పాలి.

మొదట చెప్పిన స్టిక్కర్ ఇప్పుడు చాలా నగరాల్లో మాయమవుతోంది. పర్మిట్ కంప్యూటర్‌లో ఉంటుంది, కెమెరా బిగించిన బండి వీధిలో తిరుగుతూ నంబర్ ప్లేట్లు చదువుకుంటూ పోతుంది. సుద్దముక్క అక్కర్లేదు. ఇంతకుముందు కిటికీ తెర కాస్త పక్కకు జరిపి, ఎదురింటి ముందు ఆగిన కారుకు స్టిక్కర్ లేదని కనిపెట్టి ఫోన్ చేసే పెద్దమనిషి ప్రతి వీధిలో ఒకరుండేవారు. ఇప్పుడు ఆయన తెర జరిపి చూసినా ఏ కారు తమదో, ఏది బయటిదో తెలియడం లేదు.