ఆలస్యమైందన్న ఒక్క మాట

‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా, మరి పరిస్థితిని బట్టి మనిషి మారతాడని శాస్త్రవేత్తలు ఎలా చెబుతారు?’ అని ఒక పాఠకురాలు అడిగారు.

దీనికి జవాబుగా చాలామంది 1971 నాటి స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం చెబుతారు. మామూలు విద్యార్థులకు ఖైదీల, కాపలాదారుల వేషాలిస్తే కాపలాదారులు క్రూరంగా మారిపోయారని దాని సారం. నాకు దాని మీద నమ్మకం పోయింది. కాపలాదారుల వేషం వేసిన విద్యార్థులను కఠినంగా ఉండమని నిర్వాహకులే పురికొల్పినట్టు పాత రికార్డింగుల్లో బయటపడింది. నాకిష్టమైనది, అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జాన్ డార్లీ, డేనియల్ బ్యాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసి 1973లో ప్రచురించిన ప్రయోగం.

అందులో పాల్గొన్న 40 మందీ మతబోధకులు కావడానికి చదువుకుంటున్నవాళ్లు. పక్క భవనానికి వెళ్లి చిన్న ప్రసంగం చెయ్యాలి. కొందరికిచ్చిన అంశం బైబిల్లోని మంచి సమరయుడి కథ. దొంగలు కొట్టి పడేసిన బాటసారిని చూసి కూడా యాజకుడు (పూజారి), లేవీయుడు (గుడి సేవకుడు) పక్కగా వెళ్లిపోతారు, పరాయివాడైన సమరయుడు ఆదుకుంటాడు. మిగతావాళ్లకిచ్చిన అంశం, చదువయ్యాక దొరికే ఉద్యోగాలు. దారిలో ఒక సందులో ఒక మనిషి తల వాల్చేసి, కళ్లు మూసుకుని, దగ్గుతూ మూలుగుతూ ఉంటాడు. అతన్ని అక్కడ ఉంచింది పరిశోధకులే.

బయల్దేరే ముందు కొందరితో ‘ఇంకా కొన్ని నిమిషాలు పడుతుంది, అయినా వెళ్లండి’ అన్నారు. కొందరితో ‘అక్కడ అంతా సిద్ధం, వెళ్లండి’ అన్నారు. ఇంకొందరితో ‘ఆలస్యమైపోయింది, మీకోసం ఎదురుచూస్తున్నారు’ అన్నారు. సాయం చేసినవాళ్లు మొదటి గుంపులో 8 మందిలో 5గురు, రెండో గుంపులో 22 మందిలో 10 మంది, మూడో గుంపులో 10 మందిలో ఒక్కరు. సమరయుడి కథ చెప్పడానికి వెళ్తూనే ఆ మనిషిని దాటుకుని పోయినవాళ్లూ ఉన్నారు! మతం మీద వాళ్ల దృష్టి ఎలాంటిదో ముందే ప్రశ్నలడిగి రాసుకున్నారు. ఎవరు ఆగుతారో ఆ జవాబులు చెప్పలేకపోయాయి.

ఆగనివాళ్లను రాతిగుండె మనుషులనుకోకండి. వాళ్లలో చాలామంది అవతలి భవనానికి చేరేసరికి కలవరపడుతూ కనిపించారు. ప్రసంగం చేస్తానని ఒప్పుకున్న క్షణం నుంచి వాళ్లది ఒక పాత్ర. అక్కడ తనమీద ఆధారపడి కూర్చున్నవాళ్లు ఒకరు, ఇక్కడ మూలుగుతున్నవాడు ఒకడు. ఇద్దరికీ ఒకేసారి న్యాయం చెయ్యలేరు. తొందరలో ఇంకొకటి కూడా జరుగుతుంది: గమ్యానికి సంబంధం లేనివి కంటికి కనబడినా మనసుకి ఎక్కవు. మూలుగు వినబడుతుంది, అది సాయం కోరే మూలుగని ఆ క్షణాన తట్టదు. ‘వీడికి జాలి లేదు’ అని మనం ముద్ర వేసేటప్పుడు లెక్కలోకి తీసుకోనిది సరిగ్గా ఇదే.

ఇక కథ సంగతి. సమరయుడి మీద మాట్లాడబోతున్నవాళ్లలో 53 శాతం సాయం చేశారు, ఉద్యోగాల మీద మాట్లాడబోతున్నవాళ్లలో 29 శాతం. ఇంత తక్కువమందిలో ఈ తేడా యాదృచ్ఛికం కావచ్చని, కథ ప్రభావం కనబడలేదని డార్లీ, బ్యాట్సన్ రాశారు. కనబడలేదంటే లేదని కాదంటూ 1975లో ఆంథొనీ గ్రీన్‌వాల్డ్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త అవే అంకెలు మళ్లీ లెక్కగట్టి వాదించాడు. నేను గ్రీన్‌వాల్డ్ పక్షం. బడిలో నీతికథలు దండగ అని కొట్టిపారేసే ఉపాధ్యాయులు ఈ ప్రయోగాన్ని సాక్ష్యంగా చూపిస్తే ఒప్పుకోకండి, 40 మందితో అది తేలదు.